విల్లుకు ఎంత, వేటకు ఎంత?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. దేవరకొండ దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. నేను పట్టణంలో ఎరువుల దుకాణం నడుపుతాను. ఏడాదిగా అమెరికాలో విల్లుతో వేటాడేవాళ్ల వీడియోలు చూస్తున్నాను, ఆ పిచ్చి బాగా పట్టుకుంది. ఆన్‌లైన్‌లో 28 వేలకు ‘వేట విల్లు’ అనే పేరుతో ఒక కాంపౌండ్ విల్లు కనిపించింది, 60 పౌండ్ల బలం అని రాశారు. మొత్తం 50 వేలు పక్కన పెట్టాను. అవి సరిపోతాయా? తోట పక్కన వేసిన వేరుశనగను అడవి పందులు తవ్విపోస్తున్నాయి, వాటితోనే మొదలుపెట్టవచ్చా? వచ్చే ఏడాది డల్లాస్‌లో ఉన్న మా బావ దగ్గరికి వెళ్లే ఆలోచన ఉంది. అక్కడ వేటాడాలంటే ఎంతవుతుంది? ఇదంతా దండగ ఖర్చు అని నా భార్య అంటోంది. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

సమాధానం: డబ్బు లెక్క కాసేపు ఆపి ముందు పందుల సంగతి తేల్చుకుందాం. దానికి వచ్చే జవాబును బట్టి మీరు కొనవలసిన వస్తువే మారిపోతుంది.

మన దేశంలో సరదా వేట లేదు. విల్లయినా, తుపాకీ అయినా, ఉచ్చయినా ఒకటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ దాన్ని నిషేధించింది. రుసుము కట్టి లైసెన్సు తెచ్చుకుని వెళ్లే దారి కూడా లేదు. మీరు చూసిన వీడియోల్లో వేటగాడు జేబులోంచి తీసి చూపించే కాగితం లాంటిది ఇక్కడ ఏ కార్యాలయంలోనూ ఇవ్వరు. చంపితేనే నేరమనుకోకండి. తరమడం, ఎర వేయడం, ఉచ్చు పన్నడం, వీటికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. బాణం గురి తప్పి పంది పారిపోయినా మీరు తప్పించుకోలేరు.

ఈ చట్టాన్ని 2022లో సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. జంతువుల జాబితాలను, అంటే షెడ్యూళ్లను, రెండుగా కుదించారు. నెమలి, కృష్ణజింక, కణితి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అడవి పంది, చివరికి మన చెలకల్లో తిరిగే కుందేలు కూడా రెండో షెడ్యూల్లో ఉన్నాయి. రెండో షెడ్యూలు జంతువును వేటాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మొదటి షెడ్యూలు జంతువైతే, లేదా అభయారణ్యం లోపల వేటాడితే, మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష ఉంటుంది. వాడిన ఆయుధం, వెళ్లిన బండి కూడా ప్రభుత్వానికి పోతాయి. 28 వేల రూపాయల విల్లుతో పాటు లక్ష రూపాయల బైకు కూడా పోతుందన్నమాట. ఖర్చు అడిగారు కాబట్టి దీన్నీ లెక్కలో చూపిస్తున్నాను.

పైగా మీది దేవరకొండ. చందంపేట వైపు సాగితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం నల్గొండ జిల్లాలోకి చొచ్చుకు వచ్చిన భాగం తగులుతుంది. ఆ చుట్టుపక్కల చేతిలో విల్లు పట్టుకుని రాత్రిపూట తిరిగే మనిషిని అటవీ సిబ్బంది ఎలా చూస్తారో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే పంట పోతున్న రైతు చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే, అదీ కాదు. అదే చట్టంలో పదకొండో సెక్షన్ ఉంది. రెండో షెడ్యూలులోని జంతువు మనుషుల ప్రాణానికో, ఆస్తికో, నిలిచి ఉన్న పంటకో ప్రమాదంగా మారితే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారం ఇచ్చినవారు, కారణాలు రాసి లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు పరిధిలో, అందులో చెప్పిన మనుషులే, చెప్పిన పద్ధతిలోనే ఆ పని చేయాలి. అది విలువిద్య నేర్చుకుంటున్నవాడు సాధన చేసుకునే సందర్భం కాదు. మీ పని మూడు కాగితాలతో మొదలవుతుంది: పాడైన చాళ్ల ఫోటోలు, సాగు వివరం, అటవీ రేంజ్ కార్యాలయానికి ఒక అర్జీ. పంట నష్టపరిహారానికీ అదే దారి. నారాయణపేట జిల్లాలో కృష్ణా, మాగనూరు వైపు రైతుల కష్టం మీకంటే ఎక్కువ. అక్కడ పొలాల్లో పడేవి కృష్ణజింకలు, అవి మొదటి షెడ్యూలు. వాటి మీద రాయి విసరడానికి కూడా ఆలోచించవలసిన పరిస్థితి.

మీలాంటి యువకులు కొందరు ఇక్కడ ఒక వాదన తెస్తారు: నల్లమలలో చెంచులు తరతరాలుగా విల్లంబులతో వేటాడారు కదా, అది మన సంప్రదాయమే కదా అని. చెంచుల విల్లు గొప్పదే. వెదురు బద్దను ఒంచి, ఇనుప ములికి బిగించిన బాణంతో అడవిలో బతికిన జాతి వాళ్లు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు భూమి మీద, తేనె మీద, జిగురు మీద, అడవిలో తిరిగే దారుల మీద హక్కులిస్తూ, వేటాడే హక్కును మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించింది. అడవిని ఇల్లు చేసుకున్న మన్ననూరు చెంచుకే లేని హక్కు దేవరకొండలో ఎరువుల దుకాణం నడిపే మీకు ఎక్కడినుంచి వస్తుంది? చెరువులో చేపలను కొట్టవచ్చా అని కూడా నన్ను అడుగుతుంటారు. ఆ చేపపిల్లలను పెంచుకునేది మత్స్య సహకార సంఘం వాళ్లు. ఆ గొడవ మీకొద్దు.

ఇక సంతోషకరమైన మాటకు వస్తాను. మీరు వీడియోల్లో చూసి ముచ్చటపడింది చంపడాన్ని కాదని నా అనుమానం. విల్లు ఎక్కుపెట్టి, ఊపిరి బిగబట్టి, వదిలిన మరుక్షణం బాణం తగలవలసిన చోట తగలడం. దానికి జంతువు అవసరం లేదు, అనుమతి అవసరం లేదు, డల్లాస్ కూడా అవసరం లేదు. మీ 50 వేల మాట అంటారా, అందులో సుమారు సగమే ఈ ఏడాది ఖర్చు పెట్టండి.

ఎందుకో చెబుతాను. మొదటి విల్లు ఎప్పుడూ తేలికగా ఉండాలి. 60 పౌండ్లు అంటే దాదాపు 27 కిలోల బరువును లాగడం. కాంపౌండ్ విల్లులో చివర్న కప్పీలు ఆ బరువును తగ్గిస్తాయి, నిజమే. 75 శాతం తగ్గించే విల్లయితే పూర్తిగా లాగాక చేతిలో 15 పౌండ్లే మిగులుతాయి. కానీ అక్కడిదాకా చేరేలోపు ఆ 60 పౌండ్ల గుట్టను ఒకసారి దాటాలి. అలవాటు లేనివాడు దాన్ని దాటడానికి విల్లును ఆకాశానికి ఎత్తి, నడుము వెనక్కి వంచి, భుజం పైకి లేపి గుంజుతాడు. పది రోజుల్లో భుజం కీలు నొప్పి మొదలవుతుంది. ఆకాశానికి ఎత్తినప్పుడు పొరపాటున వేలు జారితే బాణం ఎక్కడ దిగుతుందో ఎవరికీ తెలియదు. అందుకే పెద్దవాళ్లయినా సరే, ఒళ్లు ఎంత గట్టిదైనా సరే, 20 నుంచి 24 పౌండ్ల రికర్వ్‌తో, అంటే కప్పీలు లేకుండా కొసలు ముందుకు ఒంపు తిరిగిన విల్లుతో, మొదలుపెట్టాలి. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరానికి వేసే మగవాళ్ల విల్లు కూడా మామూలుగా 50 పౌండ్లకు అటూ ఇటూగానే ఉంటుంది.

మూడు రకాల విల్లులు మనకు దొరుకుతాయి. మన జాతీయ పోటీల్లో మూడింటికీ వేర్వేరు విభాగాలున్నాయి: ఇండియన్ రౌండ్, రికర్వ్, కాంపౌండ్. ఇండియన్ రౌండ్ అంటే వెదురు, చెక్కలతో చేసిన మన విల్లు. గురి చూసుకునే సైటు ఉండదు, బరువు సమం చేసే కడ్డీలు (స్టెబిలైజర్లు) ఉండవు. 50, 30 మీటర్ల దూరాలకు వేస్తారు. ధర రెండు వేల నుంచి ఐదు వేల మధ్య ఉంటుంది. జార్ఖండ్ దీపికా కుమారి లాంటి వాళ్లు మొదట చేతబట్టింది ఇలాంటి వెదురు విల్లునే. పల్లెలో ఉన్న పిల్లలకు ఇంతకంటే మంచి మొదలు లేదు.

మీ వయసుకు, మీ ఓపికకు నేను సూచించేది చెక్క రికర్వ్. మధ్యలో పట్టుకునే భాగం (రైజర్) వేరుగా, వంగే పై కింది బద్దలు (లింబ్‌లు) రెండూ మరలతో ఊడదీసేలా ఉండే రకం. ఎనిమిది నుంచి పదిహేను వేల మధ్య దొరుకుతుంది. దీని గొప్పతనమంతా ఆ మరలలోనే ఉంది. ఈ ఏడాది 22 పౌండ్ల లింబ్‌లు వాడి, ఒంటికి అలవాటయ్యాక 28 పౌండ్లవి కొని అదే రైజర్‌కు బిగించుకోవచ్చు. అల్యూమినియం రైజర్, సైటు, స్టెబిలైజర్‌తో పోటీలకు పనికొచ్చే మధ్యరకం సెట్టు కావాలంటే 35 వేల నుంచి 60 వేల దాకా లేస్తుంది. అంతర్జాతీయ స్థాయి రికర్వ్, కాంపౌండ్ సెట్లు లక్షల్లోకి పోతాయి. ఆ సంగతి ఇప్పుడు మీకు అనవసరం.

విల్లు కంటే ముందు మీ కొలతలు తెలియాలి, ఇవి ఉచితం. గోడకు ఆనుకుని రెండు చేతులూ బారజాపి, ఒక మధ్యవేలి కొస నుంచి మరో మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలిపించుకోండి. దాన్ని 2.5తో భాగించండి. 70 అంగుళాలు వస్తే మీ లాగుడు పొడవు సుమారు 28 అంగుళాలు. విల్లు మీద రాసిన పౌండ్లు 28 అంగుళాల దగ్గర లెక్క. మీ చేయి పొట్టిదైతే అంగుళానికి సుమారు రెండు పౌండ్లు తగ్గుతాయి, పొడవైతే అంతే పెరుగుతాయి. తర్వాత కన్ను. రెండు చేతులనూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని రెండు కళ్లతో చూడండి. ఒక్కొక్క కన్నే మూసి చూడండి. ఏ కన్ను తెరిచినప్పుడు స్తంభం సందులోనే నిలిచిందో అది మీ ప్రధానమైన కన్ను. కుడిచేతి వాటమైనా ఎడమ కన్ను ప్రధానమైనవాళ్లు చాలామంది ఉంటారు. అది తెలియకుండా కుడిచేతి విల్లు కొని, నెలల తరబడి బాణం పక్కకు పోతోందని విల్లును తిట్టుకుంటారు.

ఇప్పుడు బాణాల దగ్గరికి వస్తాను. మొదలుపెట్టేవాళ్లందరూ విల్లుకు డబ్బు పోసి బాణాల దగ్గర పిసినారితనం చేస్తారు. చేయవలసింది సరిగ్గా దానికి ఉల్టా. ఖరీదైన విల్లుకు సరిపడని బాణాలు వేస్తే చెదురుమదురుగా పడతాయి. సాధారణమైన విల్లుకు సరిపడే బాణాలు వేస్తే ఒకచోట గుమిగూడతాయి. బాణం వింటినారి నుంచి వదిలినప్పుడు తిన్నగా పోదు, పాములా వంగుతూ లేస్తూ పోతుంది. ఆ వంగుడు విల్లు బలానికి తగినంత ఉండాలి. దీన్ని స్పైన్ అంటారు. స్పైన్ అంకె పెద్దదైన కొద్దీ బాణం మెత్తన. 60 పౌండ్ల కాంపౌండ్ కోసం చేసిన గట్టి బాణాన్ని 22 పౌండ్ల రికర్వ్‌తో వేస్తే, కుడిచేతి వాటం మనిషికి అది ఎడమకు కొట్టుకుపోతుంది. అందుకే బాణాలను విల్లుతో పాటు, లింబ్‌ల పౌండ్లు, మీ లాగుడు పొడవు చెప్పి అదే దుకాణంలో తీసుకోండి.

ఫైబర్‌గ్లాస్ బాణాలు ఒక్కొక్కటి 150 నుంచి 250 రూపాయలు. బరువు ఎక్కువ, కానీ మొదటి రెండు నెలల్లో పోగొట్టుకోవడానికి అవే మంచివి. తర్వాత అల్యూమినియం గానీ కార్బన్ గానీ, ఒక్కొక్కటి 400 నుంచి వెయ్యి దాకా. పన్నెండు తీసుకోండి. ఆరుతో మొదలుపెడితే నెల తిరిగేసరికి మూడు మిగులుతాయి, సాధనలో సగం సేపు లక్ష్యం దగ్గరికి నడవడానికే సరిపోతుంది. మీ తోటలో గడ్డి ఉంటే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. గురి తప్పిన బాణం నేలమీద పడదు, గడ్డి వేళ్ల కింద పాములా దూరిపోతుంది. దానికి అడుగు దూరంలో నిలబడినా కనిపించదు. అందుకే నాక్‌లు (బాణం వెనక నారికి తగిలించే గాడి ముక్కలు), ఈకలు ఎర్రవి గానీ నారింజవి గానీ ఎంచుకోండి. ఆకుపచ్చ ఈకలు అందంగా ఉన్నాయని కొనేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది.

కార్బన్ బాణాలతో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఎక్కడో రాయికి తగిలిన బాణాన్ని తుడిచి మళ్లీ నారికి తగిలించకండి. రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర కొద్దిగా వంచుతూ తిప్పండి. చిటపటమనే సన్నని చప్పుడు వినిపించినా, వేలి గోటికి ఏదైనా చీలిక తగిలినా విరిచి పారేయండి. పగుళ్లున్న కార్బన్ బాణం వదిలేటప్పుడు చీలి పుల్లలు పుల్లలుగా ముంజేతిలో దిగుతుంది. వెయ్యి రూపాయలు మిగిల్చుకోబోయి ఆసుపత్రి పాలు కావడం ఎందుకు?

చిన్న సామాన్లకు పెద్ద ఖర్చు లేదు: వేళ్లకు తొడిగే ఫింగర్ టాబ్, ముంజేతికి ఆర్మ్ గార్డ్, నడుముకు కట్టుకునే అమ్ములపొది, నారి ఎక్కించే తాడు. అన్నీ కలిపి రెండు వేల లోపు. ఈ చివరిది అక్కర్లేదని కాలికింద తొక్కిపెట్టి నారి ఎక్కించేవాళ్లు లింబ్‌ను మెలి తిప్పి విల్లు పాడుచేసుకుంటారు. దానికి 300 రూపాయలు పెట్టండి.

లక్ష్యానికి స్పాంజ్ దిమ్మె కొనాలంటే ఆరేడు వేల నుంచి పైకి పోతుంది. మీకు అది అవసరం లేదు. మీ దుకాణంలో ఖాళీ ఎరువుల సంచులకు కొరతేమీ లేదు కదా. రెండు పెద్ద గోనె సంచుల్లో పాత బట్టలు, దుప్పట్లు, ప్లాస్టిక్ కవర్లు కాలితో తొక్కి తొక్కి నింపి, నోరు కుట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి తాడుతో బిగించండి. 22 పౌండ్ల బాణాన్ని అది హాయిగా ఆపుతుంది. గుండీలు, జిప్పులు ముందే కత్తిరించండి, లేకపోతే బాణం కొస దెబ్బతింటుంది. వరిగడ్డి మోపు కూడా పనికివస్తుంది గానీ, వదులుగా కడితే బాణం ఆ పక్కకు దూసుకుపోతుంది, వానకు కుళ్లిపోతుంది.

సంచి కంటే ముఖ్యమైంది సంచి వెనక ఏముందన్నది. ఇంత తేలిక విల్లు కూడా పైకి ఎత్తి వదిలితే బాణాన్ని వంద మీటర్లు దాటిస్తుంది. బత్తాయి చెట్ల వెనక కాయలు కోసే కూలీలు ఉంటారు, బోరు దగ్గర పిల్లలు ఉంటారు, మేకలు మేపేవాళ్లు దారిలేని చోట దారి చేసుకుని వస్తారు. కాబట్టి పొలంలో ఎత్తయిన మట్టి గట్టు ఉన్న చోటు చూసి, సంచులను దాని ముందు నిలబెట్టండి. గట్టు మనిషి ఎత్తు ఉండాలి. మొదట ఏడెనిమిది మీటర్ల దూరం చాలు. పది బాణాలు వేస్తే పదీ సంచిలో దిగిన తర్వాతే ఒక అడుగు వెనక్కి జరగండి. బాణం లేకుండా నారి లాగి వదలడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు, ఎవరినీ చేయనివ్వవద్దు. బాణం మోసుకుపోవలసిన శక్తి అంతా విల్లులోకే తిరిగి వచ్చి లింబ్‌లు పగులుతాయి. ఇంటికి వచ్చిన బంధువు ‘ఏదీ, ఒకసారి చూడనీ’ అని విల్లు అందుకుని చేసే మొదటి పని ఇదే.

ఇప్పుడు ఆ 28 వేల కాంపౌండ్ విల్లు. వద్దంటాను, మూడు కారణాలకు. దాని పౌండ్లు మీకు ఎక్కువ. దాని లాగుడు పొడవు కప్పీలతో ముడిపడి ఉంటుంది, మీ చేతికి సరిపోయేలా అమర్చేవాడు పక్కన ఉండాలి. నారి, కేబుళ్లు మార్చాలంటే బౌ ప్రెస్ అనే యంత్రం కావాలి. అది ఉన్న చోటు మీకు ఎంత దూరమో ముందు కనుక్కోండి. నారి అరిగిన ప్రతిసారీ హైదరాబాద్ బస్సెక్కే ఓపిక ఉంటేనే కాంపౌండ్ జోలికి పోవాలి. కాంపౌండ్ తక్కువదని కాదు. తెలుగువాళ్లకు ఆ విభాగంలో గొప్ప పేరుంది. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఆ విల్లుతోనే. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో అండర్–21 ప్రపంచ ఛాంపియన్ అయింది కూడా కాంపౌండ్‌లోనే. ఆ విభాగం మిశ్రమ జట్టు పోటీ 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ప్రవేశిస్తోంది. కానీ వాళ్ల పక్కన శిక్షకుడు ఉన్నాడు, ప్రకటన చూసి పార్సిల్ తెప్పించుకుని మొదలుపెట్టినవాళ్లు కాదు. ‘వేట విల్లు’ అని రాసి అమ్మే ప్రకటనకు ఇంకో చిక్కు కూడా ఉంది: వేటే లేని దేశంలో ఆ మాటతో వస్తువు అమ్మేవాడు, రేపు లింబ్ విరిగితే ఫోను ఎత్తుతాడని నేను నమ్మను.

మిగిలిన డబ్బులో కొంత గురువుకు కేటాయించండి. జిల్లా యువజన, క్రీడల అధికారి కార్యాలయంలో అడిగితే ఉమ్మడి జిల్లాలో ఆర్చరీ నేర్పేవాళ్లు ఎవరున్నారో చెబుతారు. అక్కడ దొరకకపోతే హైదరాబాద్‌లో ఏదైనా శిబిరానికి వెళ్లి, వరుసగా నాలుగు ఆదివారాలు ఎవరికైనా మీ భంగిమ చూపించి రండి. నిలబడే తీరు, నారి గడ్డానికి ఆనే చోటు, వదిలే వేళ్లు – ఈ మూడూ మొదట్లో తప్పుగా కుదిరితే తర్వాత మార్చుకోవడం మహా కష్టం. చాలా శిబిరాల్లో నేర్చుకునేవాళ్లకు వాళ్ల విల్లే ఇస్తారు. కాబట్టి కొనకముందే వెళ్లడం మంచిది. నెల రోజుల తర్వాత మోజు తీరిపోతే మీకు బస్సు ఛార్జీలు, ఫీజు తప్ప నష్టం లేదు.

జంతువును పోలిన లక్ష్యమే కావాలనిపిస్తే, దానికీ ఒక ఆట ఉంది. పొదల మధ్య, గట్ల మీద, రకరకాల దూరాల్లో స్పాంజ్‌తో చేసిన జంతు బొమ్మలు నిలబెట్టి, దూరం ఎంతో చెప్పకుండా బాణం వేయమంటారు. త్రీడీ ఆర్చరీ అంటారు, దీనికి ప్రపంచ పోటీలు కూడా జరుగుతాయి. గట్టి అట్ట మీద పంది బొమ్మ గీసి, సంచికి అంటించి, మీ తోటలోనే దీన్ని ఆడుకోవచ్చు. వేరుశనగ తవ్విన కోపం కూడా కొంత తీరుతుంది.

డల్లాస్ మాట. అక్కడ వేట చట్టబద్ధం, దాని చుట్టూ పెద్ద వ్యవస్థ ఉంది. విల్లులు, బాణాల మీద వసూలయ్యే ప్రత్యేక పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. 1937లో తుపాకుల మీద మొదలైన ఆ ఏర్పాటును తర్వాత విల్లులకూ వర్తింపజేశారు. టెక్సస్‌లో బయటి మనిషి జింకను వేటాడాలంటే సాధారణ వేట లైసెన్సు 315 డాలర్లు, విల్లు అనుమతికి మరో 7 డాలర్లు ఉంటూ వచ్చింది. బయల్దేరేముందు అక్కడి ప్రభుత్వ పట్టిక చూసుకోండి. మీ వయసువాళ్లకు వేట భద్రత శిక్షణ కూడా తప్పనిసరి. టెక్సస్ భూమిలో చాలా భాగం ప్రైవేటు ఆస్తి, కాబట్టి యజమాని అనుమతి గానీ రోజువారీ కౌలు గానీ కావాలి. అసలు ఖర్చు అక్కడే. లైసెన్సుకు పెట్టిన దాని కంటే భూమిలో అడుగు పెట్టడానికి పెట్టేది ఎక్కువ కావచ్చు.

సామాన్ల లెక్కా తేలిక కాదు. అమర్చి సిద్ధంగా ఇచ్చే కాంపౌండ్ సెట్టు సుమారు 400 నుంచి 600 డాలర్లు. బాణాలు, బ్లేడు ములుకులు, నారిని పట్టి వదిలే రిలీజ్ అనే పరికరం, దూరం కొలిచే పరికరం, చెట్టు మీద కూర్చునే మంచె, కిందపడకుండా కట్టుకునే పట్టీ – ఇవన్నీ కలిసి విల్లు ధరను దాటేస్తాయి. భూమి కౌలు, గైడు రుసుము కాకుండానే 1,500 డాలర్లు తేలికగా అవుతాయి, అంటే లక్షా పాతిక వేలకు పైమాటే. అయితే ఒక వెసులుబాటు ఉంది. అక్కడి పందులు పెంపుడు పందులు తప్పించుకుని అడవి పట్టినవి, పంటలకు పెద్ద బెడద. 2019 నుంచి యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో వాటిని వేటాడటానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. మీ బావకు తెలిసిన పశువుల క్షేత్రం ఏదైనా ఉంటే సగం ఖర్చు తప్పుతుంది.

కానీ ఖర్చు కంటే పెద్ద షరతు ఒకటి అక్కడి మంచి వేటగాళ్లు తమకు తాము పెట్టుకుంటారు. తూటాలా బాణం అదురుతో పడగొట్టదు. బ్లేడు రక్తనాళాలను కోయడం వల్ల జంతువు పోతుంది. నాలుగు అంగుళాలు పక్కకు పడితే అది గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. అందుకే వాళ్లు 20, 30 గజాల లోపు, జంతువు పక్కకు తిరిగి నిలబడ్డప్పుడే వేస్తారు. వేసిన వెంటనే పరుగెత్తరు, కనీసం అరగంట ఆగి నెత్తుటి చుక్కల జాడ పట్టుకుని వెళతారు. వీడియోలో ఆ అరగంట కోసేస్తారు. కాబట్టి మీ తోటలో 20 మీటర్ల దూరం నుంచి వరుసగా బాణాలన్నీ ఒక చిన్న పళ్లెమంత చోట దిగే రోజు వచ్చేదాకా డల్లాస్ టిక్కెట్టును వేటతో ముడిపెట్టకండి. ఊరికే చూసి రావడానికి వెళ్లండి. బావ దగ్గర చవగ్గా వస్తుంది కదా అని ఆయన పాత విల్లు తెచ్చుకోవద్దు. అది ఆయన చేతి కొలతకు అమర్చినది.

మొత్తం లెక్క: చెక్క రికర్వ్ 12 వేలు, రెండు రకాల బాణాలు 5 వేలు, చిన్న సామాన్లు 2 వేలు, లక్ష్యానికి 500. ఇరవై వేల లోపే. శిక్షణకు ఐదారు వేలు. మిగిలినవి బ్యాంకులో ఉంచండి, ఏడాది తర్వాత కూడా మీ చేతిలో విల్లు ఉంటే మంచి రైజర్ కొందురు గాని.

మీ భార్య అన్న మాటలో న్యాయం ఉంది. 60 పౌండ్ల విల్లు కొని, రెండు వారాల్లో భుజం నొప్పితో అటక మీద పెట్టేస్తే అది దండగే. ఆమెను కూడా గట్టు దగ్గరికి తీసుకెళ్లండి. నేను చెప్పిన రకం విల్లయితే 16, 18 పౌండ్ల లింబ్‌లు ఇంకో జత మూడు నుంచి ఐదు వేలకు వస్తాయి, ఒకే రైజర్‌తో ఇద్దరూ వేసుకోవచ్చు. తేలికైన బాణాలు ఆమెకు వేరుగా ఆరు కావాలి. కరెంటు స్తంభం పరీక్ష ఆమెకూ చేయండి. ఆమెది ఎడమ కన్ను, మీది కుడి కన్ను అయితే మాత్రం రైజర్లు రెండు కొనాలి, అప్పుడు లెక్క ముప్పై వేలు దాటుతుంది.